మీది పోర్షన్ అడ్వాన్సు

ఇచ్చోడ
06-06-2024

మర్దలు తిరుమలకు,

నిన్న నువ్వు చేసిన ఫోన్‌తోని హోటల్ల నా ఇజ్జత్ పోయింది. నువ్వు "మీది పోర్షన్‌ల నరేశ్ పోతుండు వదినె" అన్నవట. నాకు "నరేశ్ పోయిండు" అని వినవడ్డది. ముప్పై ఏండ్లు నిండని పిలగాడు, పెండ్లి గూడ కాలే అనుకుంట గల్లా పెట్టె మీద తల పెట్టి ఏడ్సిన. పూరీలు తినేటోళ్ళు చేతులు కడుక్కొని వచ్చి నన్ను ఓదార్చిండ్రు. ఒక లారీ డ్రైవర్ నెత్తికున్న తువ్వాల తీసి నిలవడ్డడు. నా పెనిమిటి, మీ భూమన్న అన్న పొయ్యి బంద్ చేసిండు. తర్వాత ఆయన నీకు మల్ల ఫోన్ చేస్తే తెలిసింది, ఆ పిలగాడు మస్కట్ పోతుండు, ఇల్లు ఖాళీ చేస్తుండని. అప్పటికి పూరీలు సల్లవడ్డయ్. ముగ్గురు పైసలియ్యకుండనే పోయిండ్రు, దుఃఖంల ఉన్నదాన్ని అడుగుడెట్ల అని.

గందుకే ఇగ నాతోని ఫోన్ల మాట్లాడకు. నా చెవుల సంగతి నీకెర్కే. ఫోన్ల అక్షరాలు ఒత్తుడు నాకు రాదు. ఏదున్నా కాయిదం మీద రాసి, ఆదిలాబాద్ బస్సు డ్రైవర్ కొమురెల్లి చేతికియ్యి. ఆయన చాయ్‌కి మా హోటల్ కాడ్నే ఆపుతడు. రాసిన మాట తప్పు వినవడది.

ఇప్పుడు ఇంటి సంగతి. కరీంనగర్ల కింది ఇల్లు నా తమ్మునికి, మీది పోర్షన్ నాకని బాపు రాసిచ్చిండు. నేను ఈడ పూరీలు ఒత్తుకుంట కూసుంటే, కిరాయి వసూలు చేసి పంపుడు, నల్లా కారితే మనిషిని పిలుసుడు అంత నీ నెత్తి మీదనే పడ్డది. నా తమ్ముడు కైలాసం గోడకున్న క్యాలెండర్ లెక్క, ఉన్నడంటే ఉన్నడు. నరేశ్ పోయే ముందు కరెంటు మీటరు రాసి పెట్టు. నల్లాలన్ని ఇప్పి చూడు. గోడలకు మొలలెన్ని కొట్టిండో లెక్కవెట్టు. ఎలక్ట్రిక్ పని చేసేటోడు, గోడ కనవడితే చెయ్యి ఊకోదు.

అడ్వాన్సు సంగతి అడిగినవట. మూడు నెలల కిరాయి, ఇరవై ఒక్క వెయ్యి. గవన్ని గ్రైండర్ల ఉన్నయ్. నువ్వు ఫికర్ చెయ్యకు.

పెండ్లప్పటి నుంచి నిన్ను సతాయిస్తున్న నీ ఆడిబిడ్డ,
శంకరవ్వ


కరీంనగర్
11-06-2024

వదినెకు దండం పెట్టి తిరుమల రాస్తున్న.

నీ ఉత్తరం చదివి నరేశ్‌కు చెప్పిన, నీకోసం ఇచ్చోడల పదిమంది ఏడ్సిండ్రని. మస్తు సంబరపడ్డడు. మా సొంతోళ్ళు గూడ గంత ఏడ్వరక్కా అన్నడు.

మొలలు లెక్కవెట్టిన. పద్నాలుగు. గవిట్ల రెండు నువ్వు నీ పెండ్లి ఫోటోకు కొట్టిచ్చినయ్. గవి తీసేసి పన్నెండు రాసిన. నల్లాలు మంచిగున్నయ్. హాల్ల ఫ్యాన్ నాదే అంటుండు. మనదే అని నేనంటున్న. రెండు దినాల సంది ఇద్దరం ఫ్యాన్ కిందనే నిలవడి లొల్లి పెట్టుకుంటున్నం, గాలి మాత్రం మంచిగ వస్తుంది.

కొత్త మనిషిని గూడ నరేశే చూసిండు. ప్రవళిక అని మంథని పిల్ల, ఒక ప్రైవేటు దవాఖానల రక్త పరీక్షలు చేస్తది. మాట తక్కువ, చూపు గట్టిది.

గ్రైండర్ సంగతి సమజైంది. ఎవ్వరికి చెప్పలే, మీ తమ్మునికి గూడ చెప్పలే. ఊకెనే ఒక్కటడుగుత, ఏమనుకోకు. గా పైసలు మోటరుల ఉన్నయా, రాళ్ళల్ల ఉన్నయా?

మామిడికాయ తొక్కు డబ్బా కొమురెల్లి అన్న చేతికిచ్చిన. మూత తీసి ఉంటే నాకు రాయి.

తిరుమల


ఇచ్చోడ
17-06-2024

తిరుమలా,

మూత తీసి ఉంది. నడుమల గుంట గూడ ఉంది. కొమురెల్లిని అడిగితే "రోడ్డు మంచిగ లేదు పెద్దమ్మా, ఊగుడుకు తగ్గింది" అన్నడు.

గ్రైండర్ గురించి నీకెందుకు గంత ఆరా? అడిగినవ్ కాబట్టి చెప్తున్న, పైసలన్ని మోటరులనే ఉన్నయ్. రాళ్ళల్ల ఏముంటది.

ఫ్యాన్ ఆనిదే, ఇచ్చెయ్యి. మనది కాలిపోతే ఆడే కొనుక్కచ్చి పెట్టుకున్నడు, నాకెర్కే. నీ గెలుపు చూద్దామని ఇన్ని దినాలు చెప్పలే.

కొత్త పిల్లతోని జర పద్ధతిగ చెయ్యి. పాత కాయిదం మీద నరేశ్ పేరు కొట్టేసి దాని పేరు రాయకు. కొత్త బాండు పేపర్ తీస్కో, పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించు. అడ్వాన్సు తీస్కున్ననాడే రసీదియ్యి. ఒకల అడ్వాన్సు ఇంకొకల అడ్వాన్సుతోని కలపకు. పోయేటోనిది పోయేటోనికి, వచ్చేటిదానిది మన తాన.

పిల్ల చూపు గట్టిదంటే మంచిదే. గోడలు శుభ్రంగుంటయ్.

శంకరవ్వ


కరీంనగర్
02-07-2024

వదినె,

అంత అయిపోయింది. నరేశ్ మొన్న ఆదివారం పోయిండు. ప్రవళిక నిన్న సామాను దించింది. ఒక మంచం, ఒక కుక్కరు, పుస్తకాల డబ్బలు ఆరు.

నరేశ్ అడ్వాన్సు గురించి నువ్వింక మనసుల పెట్టుకోకు. ఆయనది ఆయనకు ముట్టింది, నాకు తెలుసు. పిల్లతోని గూడ ఏ లొల్లి లేదు. గ్రైండర్ ముచ్చట మనిద్దరం మల్ల ఎన్నడు ఎత్తద్దు, నీకు పుణ్యముంటది.

మీ తమ్ముడు మంచిగున్నడు. క్యాలెండర్ అన్నవని చదివి వినిపిస్తే, తారీఖు ఎంత అని అడిగిండు.

తిరుమల


ఇచ్చోడ
20-05-2025

నా ముద్దుల మర్దలు తిరుమలకు,

ముద్దుల మర్దలు అన్ననంటే ఏదో మోపైందని నీకు సమజైతది.

ఈ పదకొండు నెలల్ల మనం ఎన్నో ఉత్తరాలు రాసుకున్నం. తొక్కులు, బతుకమ్మ చీరలు, నా మోకాళ్ళు, మీ పక్కింటోళ్ళ కుక్క. ఒక్క సంగతి మాత్రం నువ్వెత్తలే, నేనెత్తలే. నువ్వే ఎత్తుతవేమో చూద్దామని ఊకున్న. ఇగ ప్రవళిక అగ్రిమెంటు గడువు అయిపోవట్టె, మల్ల రాయించాలె కాబట్టి అడుగక తప్పుతలే.

ఆ పిల్ల అడ్వాన్సు ఎక్కడ?

నేను నిన్ను దొంగ అంటలేను. ఇంట్ల అవసరాలుంటయ్. నువ్వు చెల్లె కూతురి ఓణీల ఫంక్షన్‌కు ముక్కుపుడక పెట్టిన ఫోటో నాకు గూడ వచ్చింది, మంచిగున్నది. వాడుకుంటే వాడుకున్ననని ఒక మాట రాసి ఉంటే, నేను తిట్టి ఊకుంటుంటి. పదకొండు నెలలు సప్పుడు లేకపోవుడే నాకు నచ్చలే.

కొత్త కిరాయి ఏడున్నర వేలు అని చెప్పు. పాత అడ్వాన్సు ఎంతుందో, ఎవ్వరి తాన ఉందో తేలినంకనే కొత్త కాయిదం.

ఇంకా నీ వదినెనే అయిన
శంకరవ్వ


కరీంనగర్
26-05-2025

వదినె,

నీ ఉత్తరం చదివి రెండు దినాలు అన్నం సరిగ తినలే. ఆ ముక్కుపుడక గిల్టుది, రెండు వందల యాబై. అది ముందు రాసుకో.

ఇగ నిజం చెప్త. చదివినంక నువ్వేం చేసినా సరే.

పోయిన ఏడు నీ మొదటి ఉత్తరం వచ్చేటాల్లకే మెట్ల కింద ఉన్న మా అత్తమ్మ పాత గ్రైండర్‌ను నేను అమ్మేసిన. ఉగాదికి ఇల్లు సర్దుకుంట, తుప్పు పట్టిందని పాత సామాన్లోనికి ఇచ్చిన, నాలుగు వందలకు. పైసలన్ని గ్రైండర్ల ఉన్నయ్ అని నువ్వు రాసినవ్. చదివిందే ఆలస్యం, ఆ పాత సామాన్ల దుకాణం రామచంద్రం తాన ఉరికిన. రాళ్ళు ఇంకా మూలకు పడున్నయ్. ఆరు వందలిచ్చి కొనుక్కచ్చిన. అటెనుక పైసలు మోటరులనే ఉన్నయ్ అని నువ్వు మల్ల రాసినవ్. మల్ల ఉరికిన. మోటరు తీసి ఎవరో బాయికాడి మోటర్లు బాగు చేసేటోనికి అమ్మిండట. ఆయన దుకాణం అడుక్కుంట కోర్టు చౌరస్తా దాంక పోయిన. ఆయన తీగలన్ని ఇప్పి పారేసిండు. "లోపల కాయిదాలేమన్న ఉండెనా అన్నా" అంటే, "బొద్దెంకలుండె అక్కా" అన్నడు.

అప్పుడే నరేశ్ వచ్చి, "శంకరవ్వ పెద్దమ్మను ఎందుకు పరేషాన్ చేసుడక్కా, నా అడ్వాన్సు ప్రవళికనే నాకిస్తది, మీ తాన ఉన్న పైసలు ఇగ ఆమె పేరు మీద అనుకోండ్రి" అన్నడు. నాకైతే పోయిన పానం తిరిగొచ్చినట్టయింది. నిన్ను పైసలడిగే పని లేదు, గ్రైండర్ మాట రాదు. సరే అన్న. ఆ పిల్ల ఫోన్లకెల్లి ఇరవై ఒక్క వెయ్యి నా ముంగటనే ఆయనకు పంపింది. రసీదు ఏమని రాయాలె? నా చేతికి రాని పైసలకు రసీదు ఎట్ల రాసుడని రాయలే. నువ్వద్దన్నట్టే పాత కాయిదం మీద నరేశ్ పేరు కొట్టేసి ప్రవళిక అని రాసిన. తప్పే.

నీ పైసలు నా చేతుల మీదుగ పోయినయని అప్పటి సంది జాకెట్లు కుట్టిన పైసలల్ల నెలకు వెయ్యి పక్కకు పెడుతున్న. పదకొండు వేలయినయ్. బియ్యం డబ్బల ఉన్నయ్. మీ తమ్మునికి తెల్వది. ఇంకో పది నెలలు ఆగితే మొత్తమిచ్చి, అప్పుడు చెప్దామనుకున్న.

నువ్వు తిట్టు. కానీ దొంగ అనలే అని రాసి దొంగ అన్నవ్ చూడు, గది బాగలే.

తిరుమల


ఇచ్చోడ
31-05-2025

తిరుమలా,

నీ ఉత్తరం హోటల్ల నిలవడి చదివిన. బొద్దెంకల కాడికి వచ్చేటాల్లకు నవ్వు ఆగక బెంచీ మీద కూసున్న. మీ అన్న పోయిన ఏడు ఏడుపు యాదికొచ్చి, మల్లెవరు పోయిండ్రని ఉరికొచ్చిండు.

పిచ్చిదానా, గ్రైండర్ల దాచిపెట్టుడేంది? అడ్వాన్సు పైసలతోని ఈడ హోటల్‌కు పెద్ద పిండి గ్రైండర్ కొన్న. అది మా అరుగు మీద తిరుగుతుంది. మోటరుకే ఎక్కువైంది, రాళ్ళకు తక్కువైంది. నేను రాసింది గంతే. కిరాయిదారు అడ్వాన్సు నా సొంత పైసలనుకొని ఖర్చు పెట్టిన అని సాఫ్ రాయనీకి సిగ్గయి, గ్రైండర్ల ఉన్నయ్ అని గుండ్రంగ రాసిన. నీ తిరుగుడుకు, నీ ఆరు వందలకు, నీ బియ్యం డబ్బకు నా సిగ్గే కారణం.

తర్వాత పేజీకొచ్చిన. నరేశ్ ప్రవళిక తాన తీస్కున్నడన్న కాడ నా నవ్వు పోయింది.

పోయిన జూన్ ఇరవై నాలుగున గా నరేశ్ మా హోటల్‌కు వచ్చిండు. ఆదిలాబాద్ల మేనమామను చూసి పోతున్ననన్నడు. పూరీలు ఎనిమిది తిన్నడు. చేతులు కడుక్కొని, "పెద్దమ్మా, నా అడ్వాన్సు నీ చేతుల మీదుగనే ఇయ్యి, తిరుమలక్కను ఎందుకు పరేషాన్ చేసుడు" అన్నడు. మాట నిజమే గదా, నేను తీస్కున్న పైసలు నేనే ఇయ్యాలె. మా పొదుపు సంఘంల అప్పు తీసి ఇరవై ఒక్క వెయ్యి ఇచ్చిన. సంతకం తీస్కోలే. పూరీల పైసలు గూడ తీస్కోలే, దూరం పోతుండు గదా అని. "ఆయనది ఆయనకు ముట్టింది" అని నువ్వు రాస్తే, నేనిచ్చింది నీకు చెప్పిండు కావచ్చు అనుకున్న.

అంటే తిరుమలా, నీకు నన్ను, నాకు నిన్ను పరేషాన్ చెయ్యద్దని చెప్పి, ఇద్దరి నడుమలకెల్లి రెండు సార్లు పట్టుకపోయిండు. మనిద్దరం మాత్రం పదకొండు నెలలు ఒకల మీదికెల్లి ఒకలం పండ్లు కొరుక్కుంటున్నం. నేను నిన్ను అనుమానించిన. ముక్కుపుడక మాట వెనక్కి తీస్కుంటున్న.

ముందు ప్రవళికకు చెప్పు. దాచకు. దాచి దాచి మనం గీడిదాంక తెచ్చినం.

శంకరవ్వ


కరీంనగర్
05-06-2025

వదినె,

చెప్పిన. నిన్న సాయంత్రం డ్యూటీకెల్లి రాంగనే కింద కూసోబెట్టి, చాయిచ్చి, మొదటి సంది చెప్పిన. మీ తమ్ముడు గూడ ఉన్నడు. బొద్దెంకల కాడ గూడ ఆ పిల్ల నవ్వలే.

మొత్తం విని, "అయితే నా పైసలు పోయినయా ఆంటీ?" అని అడిగింది.

"నువ్విచ్చింది నరేశ్‌కు గదా బిడ్డా" అన్న. అనంగనే తప్పన్ననని తెలిసింది.

"నరేశ్ నాకెవ్వరాంటీ? ఆయన మొఖం నేను రెండు సార్లు చూసిన. నేను ఇంటికిచ్చిననుకున్న, మనిషికియ్యలే. మీరు ముంగటుంటిరి, సరే అంటిరి. గందుకే పంపిన."

గా పైసలు దాని కమ్మలు కుదవ పెట్టి తెచ్చినయట వదినె. అవి ఇంక ఇడిపియ్యలే. నెలకు పద్నాలుగు వేల జీతం, సగం మంథనికి పంపుతది. వాళ్ళన్నకు ఫోన్ చేస్తే, మూడు నెలలు కిరాయి ఇయ్యకుండ ఉండి ఖాళీ చేసెయ్యి, లెక్క సరిపోతది అన్నడట. "నేనట్ల చెయ్యను. కానీ నాకు కాయిదం కావాలె" అన్నది. కండ్లల్ల నీళ్ళు లేవు, గొంతు లేవలే. గదే నాకు ఎక్కువ నొచ్చింది.

అప్పుడు మీ తమ్ముడు నోరు ఇప్పిండు. ఈ ఏడాదిల మొదటిసారి అనుకుంట. "ఆమెకిచ్చేది మనం. నరేశ్‌తోని లొల్లి మనది. రెండు కలపద్దు" అని లేచి లోపలికి పోయిండు. ఒక్కసారి మాట్లాడితే గిట్ల మాట్లాడుతడు, మల్ల ఆరు నెలలు దొరకడు.

బియ్యం డబ్బల పైసలు తెచ్చి ఆ పిల్ల ముంగట పెట్టిన. తీస్కోలే. "నాకిప్పుడు పైసలద్దు, నేను ఈడనే ఉంటున్న గదా. పోయిననాడు ఇస్తరని రాసియ్యుండ్రి" అన్నది.

ఏం రాయాలె? నీ ఇల్లు, నీ సంతకం.

తిరుమల


ఇచ్చోడ
18-06-2025

తిరుమలా,

ఈ ఉత్తరంతోని బాండు పేపర్ పెట్టిన. చదివి ఆ పిల్లకియ్యి. ప్రవళిక ఇచ్చిన అడ్వాన్సు ఇరవై ఒక్క వెయ్యి శంకరవ్వ తాన ఉన్నది, ఇల్లు ఖాళీ చేసిననాడు కరెంటు బిల్లు పోను మొత్తం ఇస్త, అగ్రిమెంటు ఎన్నిసార్లు మల్ల రాసినా గదే అడ్వాన్సు నడుస్తది, కొత్తది అడుగ అని రాసిచ్చిన. పోయిన జూన్ తారీఖు గూడ పెట్టిన. కిరాయి ఈ ఏడు పెంచకు, ఏడు వేలే. దాని నిద్ర పాడు చేసినం.

ఇగ నరేశ్ ముచ్చట. పాత అగ్రిమెంటు మీద ఆని ఊరు మందమర్రి అని ఉంది. ఫోన్ చేసి అడిగితే కట్ చేస్తడు. గందుకే సంచి సర్దుకొని రెండు బస్సులు మారి వాళ్ళింటికే పోయిన. వాళ్ళవ్వ దేవవ్వ ఒక్కతే ఉంటది. పెనిమిటి బొగ్గు బాయిల పని చేసేటోడు, చనిపోయిండు. "మీ నరేశ్ మా ఇంట్ల కిరాయికుంటుండె. మంచిర్యాలల చెవుల డాక్టర్‌కు చూపిచ్చుకుందామని వచ్చిన, నాలుగు దినాలుండనిస్తవా" అన్న. పైసల మాట ఎత్తలే. ఆమె పెద్ద మనసు మనిషి. నాకు మంచమిచ్చి తను కింద పండుకున్నది. పొద్దుగాల లేచి నేను పూరీలు చేసిన. వాడకట్టంత పంచినం. రెండు దినాలల్ల నాకు ఆ క్వార్టర్ల లైన్ల పది మంది సోపతైండ్రు.

శుక్రవారం మస్కట్‌ల సెలవు. సాయంత్రం ఆడు బొమ్మ కనవడే ఫోన్ చేస్తడని దేవవ్వ చెప్పింది. అరుగు మీద కూసున్నం. ఇరుగు పొరుగోళ్ళు గూడ ఉన్నరు, నరేశ్‌ను పలకరిద్దామని. ఫోన్ మోగింది. ఆడు నన్ను చూసిండు.

"పెద్దమ్మా, నువ్వు గాడెందుకున్నవ్" అన్నడు.

"నీ అడ్వాన్సు ముచ్చట మాట్లాడుదామని వచ్చిన బిడ్డా."

గొంతు తగ్గించిండు. "అవ్వ ముంగట అద్దు పెద్దమ్మా. నేను మల్ల చేస్త."

"ఆఁ? ఏమంటుండు? నాకు వినవడది గదా బిడ్డా, జర గట్టిగ చెప్పు."

"రెండు దిక్కుల తీస్కున్న, తప్పైంది" అన్నడు, జర పెద్దగ.

"రెండు దినాల సంది తింటలేవా? అయ్యో, ఎందుకు బిడ్డా?"

దేవవ్వ పరేషానై ఫోన్ మీద పడ్డది, "ఏమైందిరా, జరమొచ్చిందా" అని. ఇగ ఆనికి దారి లేదు. లైనంత వినవడేటట్టు ఒర్రిండు. "రెండు సార్లు తీస్కున్న పెద్దమ్మా. నీ తాన ఒకసారి, ప్రవళిక తాన ఒకసారి. ఏజెంటు ఆఖరికి ఇంకో ఇరవై వేలు అడిగిండు. రెండు నెలలల్ల పంపుదామనుకున్న. పంపలే."

పక్కింట్ల టీవీ బంద్ చేసిండ్రు.

దేవవ్వ కొడుకు దిక్కు గూడ చూడలే. లోపలికి పోయి, బీరువ తీసి, పింఛను పైసలు కొంగుల పట్టుకొని వచ్చి, "ఎంత?" అని నన్నడిగింది. ఆ ఒక్క మాటకు నేను పోయిన పని మీదనే నాకు రోత పుట్టింది తిరుమలా. ఆమె చెయ్యి మూసి, "గవి నీయి. నాకద్దు. ఆనియే కావాలె" అన్న. ఫోన్ల ఆడు ఏడుస్తుండు. ఈ నెల సగం, వచ్చే నెల సగం పంపుత అన్నడు. దేవవ్వ అప్పుడు నోరు తెరిచింది. "రెండు నెలలు నాకు పంపకు. ఆమెకు పంపు. పంపినంక ఆమె చెప్తేనే నా ఫోన్‌కు చెయ్యి" అన్నది.

తెల్లారి నన్ను బస్సెక్కించ వచ్చి, సంచిల సకినాలు పెట్టింది. నేను కాళ్ళు మొక్కబోతే మొక్కనియ్యలే.

నీకొక్కదానికే చెప్తున్న, భూమన్నకు గూడ చెప్పలే. చెవుల డాక్టర్ కాడికి నేను నిజంగనే పోయిన. గురువారం నాడే మిషన్ పెట్టిండు. శుక్రవారం అరుగు మీద కూసున్నప్పుడు అది చెవులనే ఉన్నది, కొంగు కింద. ఆడు మొదటిసారి మెల్లగ అన్న మాట నాకు మంచిగనే వినవడ్డది.

శంకరవ్వ


కరీంనగర్
14-09-2025

వదినె,

చెవుల మిషన్ సంగతి చదివినప్పటి సంది ఒకటే లెక్క చేస్తున్న, ఇన్నేండ్లల్ల నేను గొణిగిన మాటల్ల నీకు ఎన్ని వినవడ్డయో. అడుగుతలేను. చెప్పకు.

నరేశ్ పంపిన రెండు కిస్తులు నువ్వు నాకే పంపితివి గదా. ఇగ కొత్త సంగతి. ప్రవళికకు మంథనిల సర్కారు దవాఖానల నౌకరి వచ్చింది. ఇంటి కాడికెల్లి నడిసిపోయేటంత దూరం. నిన్ననే ఖాళీ చేసింది. గా పైసలల్ల కరెంటు బిల్లు మూడు వందల నలబై పట్టి, మిగిలిన పైసలు నేనే లెక్కవెట్టి చేతికిచ్చిన. నీ బాండు పేపర్ తిరిగి తీస్కొని, ముట్టినయని సంతకం తీస్కున్న. చూసినవా, నేర్చుకున్న.

రెండు సార్లు లెక్కవెట్టుకొని, "గోడలకు సున్నం పైసలు పట్టలేదేందాంటీ?" అని అడిగింది.

"నువ్వొక్క మొల గూడ కొట్టలే గదా బిడ్డా."

"నరేశ్ కొట్టినయ్ పన్నెండుంటే నాకెందుకు?" అని అప్పుడు నవ్వింది. ఏడాది మూడు నెలలల్ల దాని పండ్లు చూసుడు నాకు అదే మొదలు. మీ తమ్ముడు పుస్తకాల డబ్బలు ఆరు తనే మోసి ఆటోల పెట్టిండు. అది పోయినంక ఖాళీ రూముల కొద్దిసేపు నిలవడ్డ. ఇల్లు మంచిగనే ఉంది వదినె, నాకే జర గుబులైంది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఇయ్యాల పొద్దుగాల దర్వాజ చప్పుడైతే తీసిన. నరేశ్ నిలవడ్డడు. మస్కట్ పని అయిపోయిందట. ఈడనే ఒక ఎలక్ట్రిక్ కంట్రాక్టర్ తాన కుదిరిండు. కార్తీకంల పెండ్లి. "అక్కా, మీది పోర్షన్ ఖాళీ అయిందట గదా, నాకే ఇయ్యుండ్రి. అడ్వాన్సు ఇప్పుడే ఇస్త" అని జేబుల చెయ్యి పెట్టిండు. నేను లోపలికి గూడ రానియ్యలే. మా వదినెకు రాస్త, జవాబు వచ్చినంక రా అన్న. "పెద్దమ్మ నన్ను ఏమంటది" అని అడిగిండు. నాకేం తెల్సు అన్న. నిజంగనే నాకు తెల్వది.

ఏం చెప్పమంటవ్?

తిరుమల


ఇచ్చోడ
19-09-2025

తిరుమలా,

ఇయ్యి.

కొత్తోన్ని తెచ్చుకుంటే ఆని గుణం తెలిసేటాల్లకు ఏడాది పడ్తది. ఈని గుణం మనం ఒకసారి ఇరవై ఒక్క వెయ్యి పెట్టి తెలుసుకున్నం. మల్ల ఇంకోన్ని తెలుసుకునుడు నాకు ఓపిక లేదు. వచ్చే పిల్ల ఎవ్వరో, దాన్ని జర మంచిగ చూడు.

కిరాయి ఎనిమిది వేలు, అడ్వాన్సు ఇరవై నాలుగు. ఈ పైసలు నా హోటల్‌కు రావద్దు, నీ బియ్యం డబ్బలకు పోవద్దు. బ్యాంకుల మనిద్దరి పేరు మీద ఒక ఖాతా తెరువు. ఇద్దరం సంతకం పెడితేనే పైసలు ఎల్లేటట్టు పెట్టు. కొత్త బాండు పేపర్ తీస్కో. రసీదు మూడు రాయి, ఆనికొకటి, నీకొకటి, నాకొకటి. ఫ్యాన్ ఎవ్వరిదో గూడ రాయి.

సాక్షి సంతకం కాడ కైలాసం అద్దు. దేవవ్వను మందమర్రికెల్లి పిలిపించు, బస్సు కిరాయి నేనిస్త. ఆమెతోనే పెట్టించు. ఆమె చదువుకుంట చదువుకుంట సంతకం పెడుతున్నప్పుడు, నువ్వు కాయిదం దిక్కు చూడకు. నరేశ్ మొఖం దిక్కు చూడు. చూసింది ఒక్కటి మర్వకుండ నాకు రాసి పంపు.

శంకరవ్వ